సియాటిల్ పార్కులో కంచు మనిషి

ప్రశ్న: నమస్కారం సార్. మాది రాజమండ్రి. పదకొండేళ్లుగా సియాటిల్‌లో ఉంటున్నాం. నాకు నలభై మూడేళ్లు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరింగ్ మేనేజర్‌గా చేస్తున్నాను. మా విభాగంలో డైరెక్టర్ పోస్టు ఖాళీ అయితే ఆ సీటు నాదేనని నాతో సహా అందరం అనుకున్నాం. ఇంట్లో కేకు కూడా తెచ్చిపెట్టారు. చివరి నిమిషంలో పక్క విభాగం నుంచి ఒకాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. అనుభవంలో నాకంటే ఆరేళ్లు చిన్న. ఇప్పుడాయన 'మీరు లేకపోతే ఇక్కడ పని నడవదు, నాకు డిప్యూటీగా ఉండండి' అంటున్నాడు. మావారేమో ఆ అవమానం మనకెందుకు, వేరే చోట చూసుకో అంటారు. మా అమ్మ ఫోన్‌లో 'పోనీలేవే, పేరుకి ఆయన, నడిపేది నువ్వేగా' అంటోంది. నాకూ అదే నయమనిపిస్తోంది. గ్రీన్‌కార్డ్ ఫైలు కూడా ఈ కంపెనీ పేరు మీదే ఉంది. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఉండనా, మానేయనా?

ఇంకో చిన్న సంగతి. సాయంత్రాలు మా తొమ్మిదేళ్ల బాబుని తీసుకుని వాలంటీర్ పార్కుకి వెళ్తుంటాను. అక్కడ విలియం సీవార్డ్ అనే ఆయన కంచు విగ్రహం ఉంది. 'ఈయనెవరమ్మా' అని వాడు అడిగితే, లాయరట, అలాస్కా కొన్నాడట అని ఊరుకున్నాను. ఆయన గురించి కూడా నాలుగు ముక్కలు చెబితే వాడికి చెబుతాను.
ఒక పాఠకురాలు, సియాటిల్

సమాధానం: అమ్మా, చివర్లో 'చిన్న సంగతి' అని రాశారే, దాంతోనే మొదలుపెడతాను. రోజూ సాయంత్రం మీరూ బాబూ ఎవరి ముందు నుంచి నడిచి వెళ్తున్నారో తెలిస్తే మీకే నవ్వొస్తుంది. మీకు జరిగిందే ఆయనకూ జరిగింది. కాకపోతే ఆయనకు చేజారింది అమెరికా అధ్యక్ష పదవి. మీ ఇంట్లో కేకు తెచ్చిపెట్టారు, వాళ్ల ఊళ్లో ఫిరంగి తెచ్చిపెట్టారు.

ముందు పేరు. రాతలో చూసి మనం సీవార్డ్ అనేస్తాం గానీ అక్కడివాళ్లు 'సూవర్డ్' అని పలుకుతారు. బడిలో బాబుని ఎవరూ సరిదిద్దకుండా అలాగే నేర్పండి. నేనూ అలాగే రాస్తాను.

విలియం హెన్రీ సూవర్డ్ 1801 మే 16న న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్లోరిడా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ పేరుతో ఉన్న రాష్ట్రానికీ ఈ ఊరికీ సంబంధం లేదు. తండ్రి డాక్టరు, భూములున్నవాడు. కలిగిన ఇల్లు, ఆ ఇంట్లో బానిసలు కూడా ఉండేవారు. న్యూయార్క్‌లో బానిసత్వం పూర్తిగా పోయింది 1827లోనే మరి. కుర్రవాడికి ముందుగది పెద్దల మాటలకంటే వంటింట్లో ఆ నల్లవాళ్ల కబుర్లే ఎక్కువ నచ్చేవట. కాలేజీలో ఉండగా దర్జీ బాకీల మీద తండ్రితో గొడవపడి జార్జియాకు వెళ్లిపోయి, కొన్నాళ్లు బడిపంతులుగా చేసి మళ్లీ ఇల్లు చేరాడు. 1822లో లాయరయ్యాడు. ఆబర్న్ అనే ఊరికి వెళ్లి ఎలైజా మిల్లర్ అనే జడ్జిగారి దగ్గర ప్రాక్టీసు పెట్టి, 1824లో ఆయన కూతురు ఫ్రాన్సెస్‌ని పెళ్లి చేసుకున్నాడు. భార్య పోయిన ఆ పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు. కూతురూ అల్లుడూ తన ఇంట్లోనే ఉండాలన్నాడు. మన భాషలో ఇల్లరికం! ఇంకొకరి చూరు కింద ఉంటూ తల ఎత్తుకుని బతకడం ఆయనకు ఇరవై మూడో ఏటే అలవాటైందని నేను సరదాగా అనుకుంటుంటాను.

రాజకీయాల్లో మొదటి భాగం త్వరగా చెప్పేస్తాను. 1830లో రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యాడు. 1834లో గవర్నర్ పదవికి పోటీచేసి ఓడాడు, 1838లో గెలిచి నాలుగేళ్లు చేశాడు. ఆయనకు వెన్నుదన్ను థర్లో వీడ్ అనే పత్రిక ఎడిటరు. ఓట్ల లెక్కల్లో ఆరితేరినవాడు. సూవర్డ్ వేదికమీద మాట్లాడితే వీడ్ తెర వెనక పావులు కదిపేవాడు. గవర్నర్‌గా ఉండగా సూవర్డ్, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు వాళ్ల భాష మాట్లాడే, వాళ్ల మతానికే చెందిన టీచర్లున్న బడులు ఉండాలన్నాడు. వలసవాళ్లంటే గిట్టనివాళ్లు ఆ మాటను ఇరవై ఏళ్లపాటు మర్చిపోలేదు. అది మళ్లీ వస్తుంది.

లాయరుగా ఆయన ఎలాంటివాడో చెప్పాలంటే ఒక్క కేసు చాలు. దీన్ని బాబుకి ఇప్పుడే చెప్పకండి, కాస్త పెద్దయ్యాక చెప్పండి.

ఆబర్న్‌లో పెద్ద జైలు ఉండేది. విలియం ఫ్రీమన్ అనే కుర్రవాడు, నల్లజాతివాడు, గుర్రాన్ని దొంగిలించాడన్న నేరం మీద అయిదేళ్లు ఆ జైల్లో ఉన్నాడు. నేను చేయలేదని మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. జైల్లో నెత్తిమీద కొట్టిన దెబ్బకు చెవుడు వచ్చింది, బుద్ధి మందగించింది. బయటికొచ్చాక, అయిదేళ్లు ఊరికే పని చేయించుకున్నారు కాబట్టి తనకు ఎవరో డబ్బు కట్టాలన్న ఒక్క ఆలోచన పట్టుకుని తిరిగాడు. 1846 మార్చి 12 రాత్రి వాన్ నెస్ట్ అనే రైతు ఇంట్లోకి కత్తితో చొరబడి నలుగురిని చంపాడు. వాళ్లలో ఒక కడుపుతో ఉన్న తల్లి, ఒక పసివాడు. ఊరు ఊరంతా వాణ్ణి అక్కడికక్కడే చంపేయాలని మీదపడింది. కోర్టులో 'ఇతని తరఫున ఎవరున్నారు' అని అడిగితే సూవర్డ్ లేచి నిలబడ్డాడు. మాజీ గవర్నర్, మళ్లీ పెద్ద పదవి మీద ఆశ ఉన్నవాడు, పైసా ఫీజు లేకుండా. అవతలి పక్షాన వాదించింది మాజీ అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ కొడుకు. ఈ మనిషికి మతి లేదు, మతి లేనివాణ్ణి ఉరితీయడం న్యాయం కాదన్నది సూవర్డ్ వాదన. ఊళ్లో జనం ముఖం తిప్పుకున్నా భార్య ఫ్రాన్సెస్ మాత్రం ఆయన పక్కనే నిలబడింది. జ్యూరీ ఉరిశిక్షకే మొగ్గింది. సూవర్డ్ పై కోర్టుకు వెళ్లి ఆ తీర్పు కొట్టేయించాడు. మళ్లీ విచారణ జరిగేలోపే, 1847 ఆగస్టులో, ఫ్రీమన్ జైల్లోనే చనిపోయాడు. శవపరీక్షలో మెదడు బాగా దెబ్బతిని ఉందని తేలింది. అప్పటిదాకా తిట్టినవాళ్లలో కొందరు నోరు మూసుకున్నారు.

ఓడిపోతానని తెలిసి కూడా పని పూర్తిగా చేసే మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి. మీ విషయానికి వచ్చేసరికి పనికొస్తుంది.

1849 నుంచి పన్నెండేళ్లు అమెరికా సెనేట్‌లో ఉన్నాడు. అక్కడ రెండు మాటలు ఆయన మెడకు చుట్టుకున్నాయి. 1850లో, రాజ్యాంగం కంటే పైన ఇంకో ధర్మం ఉందన్నాడు. 1858లో రాచెస్టర్‌లో, బానిసత్వానికీ స్వేచ్ఛకీ మధ్య నడుస్తున్నది ఎవరూ ఆపలేని సంఘర్షణ అన్నాడు. మనిషి నిజానికి అంత తీవ్రంగా పోయేవాడు కాదు. సాయంత్రం దక్షిణాది సెనేటర్లను భోజనానికి పిలిచి, చుట్ట ముట్టించి, జోకులేసే రకం. కానీ బయటివాళ్లకు ఆయన భోజనాల బల్ల కనబడదు, ఆ రెండు మాటలే వినబడతాయి. అలాగని అవి ఉత్త మాటలూ కావు. పారిపోయి వచ్చిన బానిసలు ఆబర్న్‌లో ఆయన ఇంట్లో తలదాచుకునేవారు. 1859లో హారియెట్ టబ్‌మన్‌కి, అంటే బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి తనవాళ్లను తెచ్చుకున్న ఆ మహాతల్లికి, ఇల్లూ ఏడెకరాల స్థలమూ 1,200 డాలర్లకు అమ్మాడు. చట్టం ప్రకారం ఆమె అప్పటికింకా పారిపోయిన బానిసే.

ఇప్పుడు ఫిరంగి కథ.

1860 మే 18. షికాగోలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకుంటోంది. సూవర్డ్ ఆబర్న్‌లో తన ఇంటి తోటలో కూర్చుని ఉన్నాడు. టెలిగ్రామ్ రాగానే పేల్చడానికి ఫిరంగి సిద్ధం చేశారు. మొదటి లెక్కింపులో ఆయనకు 173న్నర ఓట్లు, ఇల్లినాయ్ నుంచి వచ్చిన అబ్రహాం లింకన్‌కి 102. గెలవడానికి కావాల్సినవి 233. రెండో లెక్కింపులో సూవర్డ్ 184న్నర, లింకన్ 181. మూడోదానికి లింకన్ గెలిచాడు. టెలిగ్రామ్ వచ్చింది. ఫిరంగి పేల్చకుండానే తీసుకుపోయారు.

ఎవరీ లింకన్? దిగువ సభలో ఒకే ఒక్క విడత, రెండేళ్లు చేసినవాడు. సెనేట్‌కి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఓడినవాడు. ఎనిమిదేళ్లు చిన్న. మీ కొత్త డైరెక్టర్ ఆరేళ్లే చిన్న కదా, మీరు నయం.

సూవర్డ్ ఎందుకు ఓడాడన్నది మీరు కాస్త నిదానంగా చదవాలి. ఆయన తక్కువవాడని ఎవరూ అనలేదు. పెన్సిల్వేనియా, ఇండియానా లాంటి, ఎటు మొగ్గుతాయో తెలియని రాష్ట్రాల నాయకులు 'ఈయన్ని పెడితే మా దగ్గర ఓడిపోతాం' అన్నారు. ఆ రెండు ప్రసంగాలూ, బడుల మాటా అక్కడ అడ్డం తిరిగాయి. ఎక్కువ మందికి ఎక్కువ కాలంగా తెలిసినవాడు కావడమే ఆయనకు దెబ్బ. లింకన్‌కి శత్రువులు లేరు, ఉండేంత కాలం ఆయన ఎక్కడా లేడు.

ఇంకో కారణం హొరేస్ గ్రీలీ. పెద్ద పత్రిక ఎడిటరు, ఒకప్పుడు సూవర్డ్, వీడ్‌లకు మూడోవాడు. ఏళ్లతరబడి వాళ్ల కోసం రాశాడు, చిన్న పదవి ఒకటి ఆశించాడు. వీళ్లు పట్టించుకోలేదు. 1854లో తన పోటీ పత్రిక ఎడిటర్‌కి లెఫ్టినెంట్ గవర్నర్ పదవి ఇచ్చేసరికి ఇక తట్టుకోలేక, మన భాగస్వామ్యం ఇంతటితో సరి అని సూవర్డ్‌కి పెద్ద ఉత్తరం రాశాడు. సూవర్డ్ దాన్ని చదివి మడిచి లోపల పెట్టేశాడు, వీడ్‌కి కూడా చూపించలేదు. ఆరేళ్ల తర్వాత షికాగోలో అదే గ్రీలీ, ఎక్కడో ఆరెగాన్ ప్రతినిధిగా సీటు సంపాదించుకుని వచ్చి, గది గదికీ తిరిగి సూవర్డ్ గెలవడని చెప్పాడు. అమ్మా, మీ కింద పనిచేసేవాళ్లలో మీరు మడిచి లోపల పెట్టేసిన ఉత్తరం ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉందని నేను అనడం లేదు.

ఇక్కడ మీకు మొదటి పని. ఈ నిర్ణయం తీసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎందుకు ఇవ్వలేదో ఒక్కసారి, నిష్ఠూరం లేకుండా అడగండి. కారణం మీ పని కాకపోవచ్చు. మీరు పదేళ్ల క్రితం ఎవరితోనో పడ్డ గొడవ కావచ్చు, ఒక మీటింగ్‌లో అన్న మాట కావచ్చు. తెలిస్తే ఇక్కడున్నా ఇంకో చోటికి వెళ్లినా పనికొస్తుంది. నాకూ ఒకసారి ఉద్యోగంలో ఇలాగే జరిగింది. నేను కారణం అడగలేదు, తలనొప్పి అని సెలవులు పెట్టాను. పదిహేనేళ్ల తర్వాత ఒక పెళ్లిభోజనాల్లో ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి దాంతో చేసుకునేదేముంది?

ఓడిన రోజు సూవర్డ్ ముఖం పాలిపోయిందంటారు. ఆ సాయంత్రం ఊళ్లో పత్రికకు అభ్యర్థిని మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసేవాళ్లు కావాల్సి వచ్చింది. దిగాలుపడ్డ ఆ ఊళ్లో ఎవరికీ చేయి రాలేదు. సూవర్డే కలం తీసుకుని రాసిచ్చాడు. ఆ శరదృతువులో రైలెక్కి పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి లింకన్‌కి ఓటేయమని ప్రసంగాలు చేశాడు. లింకన్ గెలిచి ఆయన్ని విదేశాంగ మంత్రిగా రమ్మన్నాడు.

ఇక్కడితో ఆపేసి 'చూశారా, ఎంత పెద్ద మనసు' అని చెప్పేవాళ్లున్నారు. నేను ఆపను. మీరు జాగ్రత్తపడాల్సింది దీని తర్వాతే.

సూవర్డ్ ఆ పదవి ఒప్పుకున్నది మీ అమ్మగారి మాట ప్రకారమే. పేరుకి ఆయన, నడిపేది నేను! ఇల్లినాయ్ నుంచి వచ్చిన ఈ పొడుగాయనకి ఏం తెలుసు, ప్రభుత్వాన్ని నిలబెట్టాల్సింది నేనే అని ఆయన నిజంగానే నమ్మాడు. మంత్రివర్గంలో తనకు సరిపడనివాళ్లను తీసుకుంటున్నారని ప్రమాణస్వీకారానికి రెండు రోజుల ముందు 'నాకొద్దు' అని చీటీ పంపాడు. లింకన్ లొంగలేదు, వదులుకోనూ లేదు. మళ్లీ ఆలోచించుకోమని మర్యాదగా రాశాడు, సూవర్డ్ వెనక్కి వచ్చాడు. అప్పటికే దక్షిణాది రాష్ట్రాలు విడిపోతున్నాయి. దక్షిణాదిలో ఇంకా ప్రభుత్వ సైన్యం చేతిలో ఉన్న సమ్టర్ కోటను ఖాళీ చేస్తామని దక్షిణాది దూతలకు ఒక జడ్జి ద్వారా సూవర్డ్ కబురు పంపాడు. అధ్యక్షుడు అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదు. తనది కాని మాట తను ఇచ్చేశాడు. కోట ఖాళీ కాలేదు, 1861 ఏప్రిల్ 12న దానిమీద ఫిరంగులు పేలాయి, అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాదివాళ్లు మమ్మల్ని మోసం చేశారన్నారు.

అంతకు ముందే, ఏప్రిల్ 1న, లింకన్‌కి ఒక కాగితం పంపాడు. సారాంశం ఇది. నెల గడిచింది, మనకు లోపలా బయటా ఒక విధానమంటూ లేదు. స్పెయిన్‌నీ ఫ్రాన్స్‌నీ సంజాయిషీ అడుగుదాం, సరిగ్గా చెప్పకపోతే యుద్ధమే ప్రకటిద్దాం. విధానం ఏదైనా ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని నడపాలి. మీరైనా నడపండి, మంత్రుల్లో ఒకరికైనా అప్పగించండి. నేను బాధ్యత తప్పించుకోను, లాక్కోను. ఆ ఒక్కరు ఎవరో పేరు రాయనక్కర్లేదు కదా.

లింకన్ జవాబు చిన్నది. చేయాల్సింది ఏదైనా ఉంటే అది నేనే చేయాలి అన్నాడు. అంతే. అరవలేదు, పదవి పీకలేదు, నలుగురిలో పెట్టలేదు. ఆ కాగితం సంగతి ఇద్దరూ పోయి చాలా ఏళ్లయ్యాక గానీ లోకానికి తెలియలేదు.

ఒక్కసారి ఊహించండి. మీ కొత్త డైరెక్టర్‌కి మీరు అలాంటి ఈమెయిల్ ఒకటి కొడతారు. ఆయన లింకన్ అయ్యుంటాడని గ్యారంటీ ఏమీ లేదు.

సూవర్డ్‌లో నేను మెచ్చుకునేది ఆ తర్వాతి రెండు నెలలు. ఆయన అలగలేదు. కళ్లు తెరిచి చూశాడు. జూన్‌లో భార్యకు ఉత్తరం రాస్తూ, మా అందరిలోకీ అధ్యక్షుడే మేలైనవాడు అన్నాడు. ఏడాది క్రితం తన కుర్చీని తీసుకున్న మనిషి గురించి, ఎవరూ చూడని ఇంటి ఉత్తరంలో. అప్పటినుంచి లింకన్ సాయంత్రాలు నడుచుకుంటూ ఎదురువీధిలోని సూవర్డ్ ఇంటికి వచ్చి కాళ్లు బార్లా చాపుకుని కూర్చునేవాడు. ఒకాయన చుట్టలు, బ్రాందీ, ఇంకొకాయన రెండూ ముట్టడు. ఇద్దరికీ పిట్టకథల పిచ్చి.

పెత్తనం ఆశ వదిలాక ఆయన తన శాఖలో చేసిన పని చూడండి. 1861 నవంబర్‌లో అమెరికా నౌకాదళం కెప్టెన్ ఒకడు, ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడని సముద్రంలో ఆపి, అందులో ఐరోపా వెళ్తున్న దక్షిణాది దూతలిద్దరిని దింపి పట్టుకొచ్చాడు. దేశమంతా పండగ చేసుకుంది. బ్రిటన్ యుద్ధానికి సిద్ధమైంది. ఇంట్లో ఒక యుద్ధం నడుస్తుండగా ఇంకోటా? కొన్ని నెలల క్రితం యుద్ధం కావాలన్న సూవర్డే ఇప్పుడు లాయరు బుర్రకు పని చెప్పాడు. మా ఓడల్లోంచి మనుషుల్ని దింపుకుపోతున్నారనే కదా 1812లో మేము బ్రిటన్‌తో యుద్ధం చేసింది, ఇప్పుడు బ్రిటన్ మా సూత్రాన్నే ఒప్పుకుంటోంది, కాబట్టి సంతోషంగా వదిలేస్తున్నాం అని రాశాడు. దిగివచ్చి కూడా గెలిచినట్టు రాయడమంటే అదీ. ఖైదీలను వదిలేశారు, యుద్ధం తప్పింది. 1862 జులైలో లింకన్ బానిసల విముక్తి ప్రకటన చిత్తుప్రతిని మంత్రుల ముందు పెడితే, ఓటమి మీద ఓటమి వస్తున్న ఈ రోజుల్లో ఇస్తే ప్రాణం మీదికొచ్చి అరిచినట్టుంటుంది, ఒక గెలుపు వచ్చేదాకా ఆగండి అన్నాడు. లింకన్ ఆగాడు. సెప్టెంబర్‌లో ఆంటీటమ్ యుద్ధం తర్వాత ప్రకటించాడు. ఇలాంటి సలహా తెర వెనక నుంచి ఇచ్చేది కాదు. బల్ల దగ్గర, అందరి ముందూ, తన పేరు మీద ఇచ్చేది.

అయినా పాత మాట వదిలిందా? లేదు. 1862 డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో ప్రభుత్వ సైన్యం ఘోరంగా ఓడాక, సెనేటర్లు కొందరు కట్టగట్టుకుని సూవర్డ్‌ని తీసేయమన్నారు. వాళ్ల ఫిర్యాదు ఏమిటో తెలుసా? అధ్యక్షుణ్ణి వెనకనుండి ఆడిస్తున్నది ఈయనేనని. ఆయన ఆ పని మానేసి ఏడాదిన్నర దాటింది. ఆ మాటలు వాళ్ల చెవిన వేస్తున్నది ఆర్థిక మంత్రి చేజ్. సూవర్డ్ రాజీనామా పంపేశాడు. లింకన్ ఆ సెనేటర్లనూ మిగతా మంత్రులనూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. అందరి ముందూ చేజ్ నీళ్లు నమలాల్సి వచ్చింది, మర్నాడు అతనూ రాజీనామా తెచ్చాడు. లింకన్ రెండు కాగితాలూ చేతికొచ్చాక రెండిటినీ తోసిపుచ్చి ఇద్దరినీ పనిలోకి వెళ్లమన్నాడు.

అందుకే 'నడిపేది నేనేగా' అన్న మాట ఇంట్లో ఫోన్‌లో కూడా అనకండమ్మా. మీ అమ్మగారు ప్రేమతో అన్నారు, కాదనను. కానీ ఆ ఆలోచనతో డిప్యూటీ సీట్లో కూర్చుంటే రేపు బాగా నడిచినా మీకు పేరు రాదు, చెడితే మాత్రం వెనక ఉన్నది ఈవిడేనని అందరికీ తెలిసిపోతుంది. ఉండాలనుకుంటే ఇలా ఉండండి. ఆయనతో కూర్చుని, ఏ పని పూర్తిగా మీది, ఏ నిర్ణయం ఆయన్ని అడగకుండా మీరు తీసుకోవచ్చు అన్నది తేల్చుకుని ఒక ఈమెయిల్‌లో రాయించుకోండి. సూవర్డ్‌కి విదేశాంగ శాఖ ఉన్నట్టు మీకూ ఒక శాఖ కావాలి. మిగతాది ఆయనది. మీకు నచ్చని నిర్ణయం వస్తే గదిలో చెప్పండి, బయటికొచ్చాక కాఫీ మెషీన్ దగ్గర కాదు. 'డిప్యూటీ' అంటే ఆయన సెలవు పెట్టినప్పుడు మీటింగ్‌లకి వెళ్లడం తప్ప వేరే ఏమీ లేదని తేలితే మాత్రం మావారి మాట వినండి అనే చెబుతాను. అంటే మీ వారి మాట.

గ్రీన్‌కార్డ్ సంగతి వేరుగా చూడండి. భయంతో ఉండటం వేరు, ఇష్టపడి ఉండటం వేరు. మీ ఫైలు ఏ దశలో ఉందో, ఉద్యోగం మారితే ఏమవుతుందో, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. కంపెనీ లాయర్ని కాదు. ఆ జవాబు వచ్చేదాకా రాజీనామా మాట ఎత్తొద్దు. నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

సూవర్డ్ కథలో చేదు ముక్క ఒకటి మిగిలింది, అది దాస్తే మీకు అన్యాయం చేసినట్టే. 1865 ఏప్రిల్ 14 రాత్రి, లింకన్‌ని థియేటర్‌లో కాల్చిన వేళకే, ఆ ముఠాలోని లూయిస్ పావెల్ అనేవాడు మందు తెచ్చానని చెప్పి సూవర్డ్ ఇంట్లోకి వచ్చాడు. అంతకు కొద్ది రోజుల ముందే బండి ప్రమాదంలో దవడా చెయ్యీ విరిగి సూవర్డ్ మంచం మీద ఉన్నాడు. వాడు అడ్డొచ్చిన కొడుకు పుర్రె పగలగొట్టి, మంచం మీదున్న మనిషి ముఖం మీద కత్తితో నరికాడు. సూవర్డ్ బతికాడు. మచ్చలు జీవితాంతం ఉన్నాయి. రెండు నెలలకే భార్య పోయింది, మరుసటి ఏడు ఇరవై ఒక్కేళ్ల కూతురు ఫ్యానీ పోయింది.

అంత జరిగాక కూడా ఆయన పదవిలోనే ఉన్నాడు, కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ కింద. జాన్సన్ ఓడిన దక్షిణాది తెల్లవాళ్లకు పగ్గాలు తిరిగి ఇచ్చేస్తూ, అప్పుడే విముక్తి పొందిన నల్లవాళ్ల హక్కులను అడ్డుకున్నాడు. సూవర్డ్ ఆయన్నీ వెనకేసుకొచ్చాడు, ఆయనతో ఊరూరా తిరిగాడు. ఫ్రీమన్ కోసం ఊరంతటినీ ఎదిరించిన లాయరేనా ఈయన అని పాత స్నేహితులు విస్తుపోయారు. నాకూ అర్థం కాదు. లింకన్ దగ్గర నేర్చుకున్న విధేయతను అది తగని మనిషి దగ్గర ఖర్చుపెట్టాడనిపిస్తుంది. మీ డైరెక్టర్ మిమ్మల్ని దాటి వచ్చాడన్నది వెళ్లిపోవడానికి కారణం కాదు. రేపు మీ టీమ్‌లో ఎవరికైనా అన్యాయం చేస్తూ మీ సంతకం అడిగితే, అది కారణం.

అప్పటిదాకా రష్యా చేతిలో ఉన్న అలాస్కాను కొన్నది కూడా ఆ రోజుల్లోనే. 1867 మార్చి 29 రాత్రి సూవర్డ్ ఇంట్లో పేకాట ఆడుకుంటుంటే రష్యా రాయబారి వచ్చి, మా చక్రవర్తి ఒప్పుకున్నారు, రేపు కాగితాలు రాసుకుందాం అన్నాడు. రేపెందుకు, ఇప్పుడే అన్నాడు సూవర్డ్. గుమస్తాలను లేపి, ఆఫీసు దీపాలు వెలిగించి, తెల్లవారుజామున నాలుగింటికి సంతకాలు చేశారు. 72 లక్షల డాలర్లు, అంటే ఎకరాకి సుమారు డాలర్‌లో యాభయ్యో వంతు. సెనేట్ 37-2తో ఒప్పుకుంది. అందులో జాన్సన్ మీద కారాలు మిరియాలు నూరే సమ్నర్ అనే సెనేటర్ గంటలతరబడి సూవర్డ్ ఒప్పందం తరఫున మాట్లాడాడు. పత్రికలు కొన్ని ఎగతాళి చేశాయి, సూవర్డ్ మంచుపెట్టె అన్నారు. అక్కడ వేల ఏళ్లుగా ఉంటున్నవాళ్లను మాత్రం రష్యావాళ్లూ అడగలేదు, వీళ్లూ అడగలేదు.

1869లో పదవి దిగాక అలాస్కా చూసి వచ్చాడు. ఆ తర్వాత ప్రపంచం చుట్టబోయి, 1871లో మన దేశం కూడా వచ్చాడు. అప్పటికి చేతులు సరిగా పనిచేసేవి కావు. 1872 అక్టోబర్ 10న ఆబర్న్‌లో, ఆ ఇల్లరికపు ఇంట్లోనే పోయాడు.

మీ ఊరి విగ్రహం 1909లో అక్కడ అలాస్కా పేరు మీద పెద్ద ఎగ్జిబిషన్ జరిగినప్పటిది. బంగారం కోసం ఉత్తరానికి పరిగెత్తినవాళ్లు సియాటిల్‌లోనే సామాన్లు కొనుక్కుని ఓడలెక్కారు, ఊరికి డబ్బొచ్చింది, కృతజ్ఞతగా నిలబెట్టుకున్నారు. బాబుకి ఇంకో బొమ్మ గురించి కూడా చెప్పండి, వాడికి ఇదే ఎక్కువ నచ్చుతుంది. అలాస్కాలో సాక్స్‌మన్ అనే ఊళ్లో సూవర్డ్‌ది చెక్క బొమ్మ ఒకటి ఉంది, ఎత్తైన స్తంభం మీద. 1869లో ఆయన వెళ్లినప్పుడు ట్లింగిట్ జాతివాళ్లు విందు చేసి కానుకలిచ్చారు. వాళ్ల ఆచారం ప్రకారం తిరిగి విందు పెట్టాలి, కానుకలివ్వాలి. ఆయన ఇవ్వలేదు. సిగ్గు తెచ్చుకోవాలని బొమ్మ చెక్కి, ముక్కుకీ చెవులకీ ఎర్రరంగు పూశారు. సెలవుల్లో ఓడ ప్రయాణం పెట్టుకుంటే చూసి రండి. ఈలోగా ఆ లాయరు ఏమన్నాడో, మీ డైరెక్టర్ ఈమెయిల్‌లో ఏం రాసిచ్చాడో నాకు రాయండి.